కుంభకర్ణుడి కడుపులో

“యాడికి పోతాండావు సరోజక్కా, పొద్దున్నే?” ఎదురింటి బాలమ్మ వాకిలి ఊడుస్తూనే అడిగింది.

“పెనుకొండకు. కుంభకర్ణుణ్ణి చూసేదానికి!”

సరోజమ్మ ఆ మాట కావాలనే గట్టిగా చెప్పింది. ధర్మవరంలో ఆ వీధికి చెవులెక్కువ. ఒకరికి చెబితే చాలు, మగ్గాల చప్పుడులో కూడా మిగతావాళ్లకు వినబడుతుంది.

బాలమ్మ చీపురు ఆగిపోయింది. సరోజమ్మ మొగుడు ఓబుళప్ప పోయి ఇంకా ఐదు నెలలే. ఏడాది తిరిగేదాకా గడప దాటొద్దని కులపెద్దలు చెప్పిపోయారు. ఈమె గడప దాటడమే కాదు, షికారుకు పోతోంది!

“చూసింది చాల్లే, నువ్వు పోనీయే” అంటూ కారు నడిపే కూతురు మంజులతను తొందరపెట్టింది సరోజమ్మ.

ముప్పై ఏళ్ల కాపురంలో ఓబుళప్ప ఆమెను తిరుపతికి తీసుకుపోయాడు, బెంగళూరుకు తీసుకుపోయాడు. పక్కనే ఉన్న పెనుకొండకు మాత్రం తీసుకుపోలేదు. తను చీరల బేరానికని వారం వారం పోయొచ్చేవాడు. “ఆడేముండాది, నిద్రపోయే రాక్షసుడు తప్ప” అనేవాడు. ఎందుకు తీసుకుపోడో సరోజమ్మ ఏనాడూ పైకి అడగలేదు.

ఇప్పుడు అడిగే పని లేదు. తనే పోయి చూస్తుంది. ఎవరాపుతారో ఆపమను!

దారిలో నింపాదిగా ఆగుతూ పోయారు. ఒకచోట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నారు. ఇంకోచోట ఉడకబెట్టిన చెనిక్కాయలు కొని, పొట్టు ఒలుచుకుని గింజలు తిన్నారు. సరోజమ్మ కారద్దం పూర్తిగా దించి, కొంగు ఎగురుతుంటే ఎగరనిచ్చింది.

కుంభకర్ణుడు తోట మధ్యలో వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. బొమ్మ రాక్షసులు మీదికెక్కి డోళ్లు వాయిస్తున్నారు, ఈటెలతో పొడుస్తున్నారు. సిమెంటు మనిషి, లేస్తాడా? కడుపులోకి గుహలాంటి దారి కూడా ఉంది. అది చూసి సరోజమ్మ పకపకా నవ్వింది. ఐదు నెలల్లో అదే మొదటి నవ్వు.

“ఏమ్మా, నవ్వులు బాగుండాయే!”

వెనక్కి తిరిగితే వీరభద్రయ్య. ఓబుళప్పకు పెదనాన్న కొడుకు, కులపెద్ద. హిందూపురంలో కూతురింటికి వచ్చి, మనవళ్లను వెంటబెట్టుకుని ఇటొచ్చాడు.

“మా తమ్ముడు పోయి ఏడాది తిరగలే, అప్పుడే టూరుకొచ్చినావా? సిగ్గుండాదా నీకు?”

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. మంజులత “పెదనాయనా...” అంటూ ముందుకొచ్చింది. సరోజమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. ఇలాంటివాళ్లకు చెప్పాలని ఇంటి దగ్గర ఎన్ని మాటలు కూర్చిపెట్టుకుందో! ఒక్కటీ నోటికి రాలేదు.

“ఏమప్పా, ఆమె నవ్వితే నీ సొమ్మేం పోయింది?”

చెట్టు కింద ఒంటరిగా కూర్చున్న ఒకామె లేచి వచ్చింది. యాభై దాటిన మనిషి. నుదుట బొట్టు లేదు. కొప్పులో మాత్రం కనకాంబరాలున్నాయి.

“పోయినాయన పోయినాడు. ఉండేదాన్ని గూడా పూడ్చిపెడతావా?”

“నువ్వెవరే మధ్యలో...” అంటూ వీరభద్రయ్య ఆమె ముఖం చూశాడు. మాట అక్కడే ఆగింది.

ఆమె కూడా అతన్ని చూసింది. తర్వాత సరోజమ్మ వైపు తిరిగి, ముఖం పరకాయించి చూసింది.

“ఈమె నా మనిషి. నేనే రమ్మన్నా. ఇంకొక్క మాటంటే బాగుండదు, పో!”

వీరభద్రయ్య మనవళ్ల చేతులు పట్టుకుని కిక్కురుమనకుండా పక్కకు పోయాడు.

“నోరంటే అట్లుండాల!” సరోజమ్మకు ప్రాణం లేచొచ్చింది.

ఆమె తన కొప్పులోని దండ సగం తెంపి సరోజమ్మ తలలో పెట్టబోయింది. సరోజమ్మ గభాలున వెనక్కి జరిగింది. మరుక్షణం తనే తల వంచింది.

“పెట్టు. ఎవురేమంటారో నేనూ చూస్తా.”

ఇద్దరూ చేతులు పట్టుకుని కుంభకర్ణుడి కడుపులోకి పోయారు. లోపల పిల్లలు కేకలు పెడుతున్నారు. సరోజమ్మ కూడా గొంతెత్తి ఒక కేక పెట్టింది.

బయటికొచ్చి కూర్చున్నాక సరోజమ్మ అడిగింది. “మీ ఆయన...?”

“ఈ ఏడే పోయినాడు. చూసేదానికి పోతే వాళ్లోళ్లు రానియ్యలే. ఆఖరి చూపు గూడా దక్కలే.”

సరోజమ్మకు ఒళ్లు మండిపోయింది. “ఎవురు వాళ్లు, వద్దనేదానికి? వాళ్ల చేతులు పడిపోను! నేనైతే తోసుకొని పోయింటి!”

ఆమె చాలాసేపు సరోజమ్మ చెయ్యి వదల్లేదు.

“పోనీలేక్కా. వాళ్ల దుఃఖం వాళ్లది” అంది.

తర్వాత లేచి చీర దులుపుకుంది. “మళ్లా రాక్కా. ఎవురికీ భయపడొద్దు” అని చెప్పి, గేటు బయట ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

“పేరన్నా అడగలేదు చూడు!” అని నొచ్చుకుంటూ సరోజమ్మ కారు దగ్గరికి వచ్చింది. అక్కడ వీరభద్రయ్య నిలబడి ఉన్నాడు. ఈసారి ఆమె కొంగు కప్పుకోలేదు.

“మళ్లా ఏం బావా? నాకింక ఎవురి భయమూ లేదు. ఆమె యాడుండాదో కనుక్కొని మా ఇంటికి పిలుస్తా. నా చేత్తో అన్నం పెట్టి చీర పెడతా. అడ్డమొచ్చేవాళ్లు రాండి!”

వీరభద్రయ్య గొంతు తగ్గించాడు.

“పిలుచుకోమ్మా, నేనేం అడ్డం రాను. మా తమ్ముడి శవం వాకిట్లో ఉండంగా, ఆయన ఉంచుకున్న మనిషి మన వీధిలో కాలు పెట్టకూడదని నువ్వు పట్టుబడితే, మలుపులో నిలబడి నేను ఏడిపించి వెనక్కి పంపింది ఈమెనే.”