పికిలిపిట్ట వానపాట

అడవి మధ్యలో ఎత్తయిన మోడు ఒకటి ఉండేది. సాయంత్రం దాని మీద ఎవరు పాడినా అడవంతా వినిపించేది. ఎవరు పాడాలో కొంగ చెప్పేది, పాడినవాళ్ళకు మేడిపళ్ళు ఇచ్చేది.

ఒకరోజు కొంగ పికిలిపిట్ట గూటి దగ్గరికి వచ్చింది.

"నీ వానపాట బాగుందమ్మాయ్. గంపెడు పళ్ళిస్తాను. ఇక ఆ పాట నాది."

"మరి నా పిల్లలకు పాడాలంటే?"

"నన్నడిగి పాడుకో."

"అయితే వద్దు బాబాయ్. ఈ వానాకాలానికి మాత్రమే ఇస్తాను. పాట నాదే."

"మోడెక్కకపోతే నీ పాట వినేదెవరే? చీమలా?"

"చీమలే వింటాయిలే," అంది పిట్ట, గూట్లోంచి కదలకుండా.

కొంగ వెళ్ళలేదు. ఈ కాలి మీంచి ఆ కాలి మీదకు మారింది. చివరికి గొంతు తగ్గించి, "ఏటి అవతలి అడవికి ఈ పాట అప్పుడే అమ్మేశానమ్మా. రేపే వాళ్ళొస్తారు," అంది.

"కొనకముందే అమ్మేశావా!" పిట్టకు నవ్వాగలేదు. "సరే, ఈ వానాకాలం పాడతాను. ఇక్కడ పాడినందుకు ఒక గంప, అవతలి ఒడ్డున పాడినందుకు ఇంకో గంప. వచ్చే ఏడు కావాలంటే మళ్ళీ వచ్చి అడుగు."

"మళ్ళీ నేనే రావాలా?"

"పాట ఉండేది ఇక్కడే కదా బాబాయ్."