అద్దాల గది

“ముందు దీన్ని ఇక్కణ్ణించి తీయించండి,” అన్నాడు కంప్యూటరు గది ఇన్‌చార్జి, యజమాని బల్ల మీదున్న చిన్న కంప్యూటర్ని చూపిస్తూ.

యజమాని నవ్వాడు. “టీవీ అంత లేదు, అది నిన్నేం చేస్తుందయ్యా? కూర్చో.”

ఇన్‌చార్జి కూర్చోలేదు. ట్రాక్టర్ విడిభాగాల గోడౌను పక్కనే ఓ అద్దాల గది. అందులో బీరువాలు వరసగా నిలబెట్టినట్టు పెద్ద కంప్యూటరు. పదకొండేళ్ళుగా దాన్ని సొంత గొడ్డుని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు. చెప్పులు విడిచిగానీ లోపల అడుగు పెట్టడు.

“ఇలాంటివి మూడుంటే చాలట. పెద్దదాన్ని తీసేద్దామనుకుంటున్నా,” అన్నాడు యజమాని.

“ఇది బొమ్మండీ. మన ముప్ఫై వేల రకాల సామాను దీని కడుపులో పడుతుందా?”

“మూడింటికి పంచితే పడుతుందట. ఆ మూడూ కలిపినా నీ మిషను ఏడాది మరమ్మతు ఖర్చంత కావు. అది సరే, బేరింగులెన్ని ఉన్నాయని నీ మిషన్నడిగితే ఎప్పుడు చెబుతుంది?”

“శనివారం. వారం చీటీలన్నీ అప్పుడే కదండీ మిషనుకి ఎక్కించేది.”

“కొనేవాడు మంగళవారమే వచ్చి గుమ్మంలో నిలబడతాడు కదయ్యా!”

ఇన్‌చార్జి బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగాడు.

“నా సంగతి వదిలేయండి. నాకింకో నాలుగేళ్ళే. ఆ నలుగురు ఆడపిల్లల మాటేమిటి? పొద్దస్తమానం చీటీలు చూసి టైపు చేసి ఆ మిషనుకి అందించడం తప్ప వాళ్ళకి వేరే పని రాదు. ఒకామె భర్త మంచం పట్టాడు. ఇంకొకామెకి చంటిపిల్ల. పెద్దది పోతే వాళ్ళు రోడ్డున పడతారండీ.”

“వాళ్ళనో మాట అడిగావా?”

“అడిగేదేముంది? హడలిపోతారని ఈ సంగతి వాళ్ళ చెవిన కూడా వెయ్యలేదు. శనివారం దాకా ఎందుకండీ, ఇకనుంచి రోజూ తెల్లారేసరికి వచ్చి మిషను నడుపుతాను. తొమ్మిదింటికల్లా ఏ సామాను ఎంతుందో మీ బల్ల మీద ఉంటుంది. నాకు పైసా ఎక్కువివ్వొద్దు.”

యజమాని ఏదో చెప్పబోయి ఆగాడు. చిన్న కంప్యూటరు వంకా అతని వంకా మార్చి మార్చి చూశాడు.

“నీతో వేగలేనయ్యా బాబూ. సరే, ఒక్క ఏడాది చూద్దాం. ఆ కబురేదో వాళ్ళకి నువ్వే చెప్పు.”

ఇన్‌చార్జి అద్దాల గదిలోకి దాదాపు పరిగెత్తాడు. మిషను వేడెక్కకూడదని అక్కడెప్పుడూ వణికించే చలి. నలుగురు ఆడవాళ్ళూ స్వెటర్ల మీద శాలువాలు కప్పుకుని, పోయిన వారం తప్పుల జాబితా ముందేసుకుని దిద్దుకుంటున్నారు.

“అమ్మలూ, చేతులాపండి. గండం గడిచింది!” జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. “ఈ గది ఎక్కడికీ పోదు. మీరూ ఎక్కడికీ పోరు. నేనుండగా మీ కుర్చీల జోలికి ఎవడొస్తాడో చూస్తాను.”

ఒకామె శాలువా ఇంకాస్త బిగించి కప్పుకుంది. ఒకామె గభాలున తల తిప్పేసుకుంది.

“ఏంటమ్మా, సంతోషంతో నోట మాట రావట్లేదా?”

నలుగురిలో పెద్దామె లేచి నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది.

“మీ మనసు మాకు తెలుసు బాబాయిగారూ. మీరు నొచ్చుకుంటారనే మా పేర్లు బయటపెట్టొద్దని అయ్యగార్ని బతిమాలుకున్నాం. నెలరోజులుగా సాయంత్రాలు కంప్యూటర్లమ్మే షాపుకెళ్ళి ఆ చిన్నదాని మీద పని నేర్చుకుని, దాన్ని ఆయన బల్ల మీదకి తెప్పించింది మేం నలుగురమేనండీ.”