ఏం తీసుకుపోయినాడు?

సాయంత్రం రాగిచేను గట్టు మీద ఎవడో నిలబడి ఉన్నాడు.

చెవులకు పెద్ద హెడ్‌ఫోను. చేతిలో పొడుగాటి కర్ర. కర్ర చివర ఉడుత తోకలా బొచ్చు తొడిగిన పరికరం. దాన్ని దొడ్డి వైపు చాచి, కళ్లు మూసుకుని ఉన్నాడు. దొడ్లో చెన్నమ్మ తన మానాన తాను ఆవును పిలుస్తోంది.

ఆమె కొడుకు ధనశేఖర్‌కు అనుమానం వచ్చింది. నల్లంపల్లి దగ్గర హైవే వెడల్పు చేస్తారని నెలగా పుకారు. కొలిచేవాళ్లు రకరకాల వేషాల్లో వస్తారని టీ అంగట్లో అందరూ అనే మాటే.

"ఎవరు నువ్వు? ఎవరినడిగి కొలుస్తున్నావు?" ఆ ఊరి మాట తమిళంలోనే గద్దించాడు.

"కొలవడం లేదయ్యా. శబ్దాలు రికార్డు చేసుకుంటున్నాను."

"శబ్దాలా? మీ ఊళ్లో వాటికేమైనా కరువొచ్చిందా?"

అతను నవ్వబోయాడు. ధనశేఖర్ నోటికొచ్చినట్టు తిట్టి, చెయ్యెత్తాడు.

చెన్నమ్మ పరుగున వచ్చింది. "ఎండలో తిరిగినట్టుండాడు, పాపం. నీళ్లన్నా తాగిపోనీరా!"

"ఈ పొద్దు నీళ్లిస్తే రేపు భూమి అడుగుతాడు. నువ్వు ఊరకుండమ్మా."

అతను కర్ర మడిచి, చెన్నమ్మకు దండం పెట్టి వెళ్లిపోయాడు. ధనశేఖర్ కూతురు సత్యప్రియ మాత్రం రోడ్డు దాకా వెంట పోయి మాట్లాడి వచ్చింది.

"మ్యూజిక్ చేస్తాడంట నాయనా. పేరు కూడా అడిగినాను."

"మ్యూజిక్ చేసేవాడు మేళం మోసుకొస్తాడు గానీ ఉడత తోక మోసుకొస్తాడా? ఏందో తీసకపోయినాడు. ఏం తీసకపోయినాడో అదే తెలీలేదు."

రోడ్డు వెడల్పు కాలేదు. కొలిచేవాళ్లూ రాలేదు. అనుమానం మాత్రం పోలేదు.

వానలు రాకముందే చెన్నమ్మ నిద్రలోనే పోయింది.

గోడ మీద ఫొటో మిగిలింది. ఆమె మాట్లాడిన వీడియోలున్న ఫోను అంతకుముందే బావిలో పడింది.

ఊరంతా తమిళమైనా చెన్నమ్మకు ఇంట్లో తెలుగే, ఆఖరికి ఆవుతో కూడా. "సెవలమ్మా... దా... దా..." అని ఒక సాగు సాగదీస్తే చాలు, ఆ ఎర్రావు ఏ గట్టున ఉన్నా వచ్చేసేది. ఇప్పుడు ధనశేఖర్ గొంతు చించుకున్నా అది తలెత్తదు. ఆ సాగు అతనికి పట్టుబడలేదు. రోజులు గడిచేకొద్దీ అమ్మ గొంతు తనకే గుర్తు రావడం లేదు. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోయాడు.

ఒకనాడు సత్యప్రియ చెట్టికరై కాలేజీ నుంచి వచ్చీ రాగానే దొడ్లోకి నడిచింది. పాలు పితకడానికి చెంబు కడుగుతున్న తండ్రి పక్కన నిలబడి ఫోనులో ఏదో పెట్టింది.

సన్నటి హోరు. దూరంగా మోటారు ఆడుతున్నట్టు, ఆగకుండా. తాళం లేదు, మాట లేదు.

"పాట ఎప్పుడు మొదలైతాది?"

"ఇదే పాట నాయనా. ఆల్బమంతా ఇట్లే ఉంటాది."

"మోటారు కాలిపోయే ముందు ఇట్లే మూలుగుతాది. దీన్ని కూడా వింటారా జనం?"

"ఊరకే విను."

విన్నాడు. హోరులోంచి గాలికి రాగి వెన్నులు ఊగే చప్పుడు వచ్చింది. ఏదో పిట్ట. తర్వాత ఆవు మెడలో గంట. ధనశేఖర్ చెంబు కింద పెట్టాడు. ఈ గంట తనెక్కడో విన్నదే.

"సెవలమ్మా... దా... దా..."

కట్టుగొయ్య దగ్గర పడుకున్న ఎర్రావు దిగ్గున లేచి నిలబడింది.

ధనశేఖర్ ఫోను వైపు తిరిగాడు.

"ఆ పొద్దు వచ్చిన ఆయన చేసిందే నాయనా," అంది సత్యప్రియ. "ఆయన పేరు పెట్టి వెతకతానే ఉండాను. ఇయ్యాల దొరికింది."

అమ్మ మళ్లీ పిలిచింది. ధనశేఖర్‌కు కళ్లు నిండాయి. అంతలోనే గుర్తొచ్చింది. ఆ రోజు ఈ పిలుపు పూర్తి కాకముందే తను మీద పడ్డాడు.

"ఆపమ్మా," అన్నాడు కంగారుగా. "ఇప్పుడు నేను అరస్తాను."

సత్యప్రియ ఆపలేదు.

హోరు మెల్లగా తగ్గింది. ధనశేఖర్ తలొంచుకుని తన గొంతు కోసం ఎదురుచూశాడు.

ఆ మనిషి అతని తిట్లన్నీ ఒక్కటి కూడా మిగల్చకుండా తీసేసి, చెన్నమ్మ మాట ఒక్కటే ఉంచాడు: "నీళ్లన్నా తాగిపోనీరా!"