టోన్ జల్లెడ

టోన్ నాబ్ ఎడమకి తిప్పినా కీచే, కుడికి తిప్పినా కీచే. సాయంత్రం కచేరీ పెట్టుకున్న గిటారిస్టు తీగ మీటినప్పుడల్లా, గిటార్ మోతని గరుకు చేసే ఆ కొత్త డిస్టార్షన్ పెడల్ ఇత్తడి పళ్లెం మీద మేకు గీసినట్టు అరుస్తోంది. వంటింట్లోంచి ఇల్లాలు చెవులు మూసుకుని వచ్చి, ఇది సంగీతమా, లేక తలుపు సందులో పిల్లి తోక పడిందా అని మొగుణ్ణి అడిగి వెళ్లింది.

ఆ మొగుడే పెడల్ చేసినవాడు. అందరూ అతన్ని ఉరుము అంటారు. గొంతు అలాంటిది మరి. అతను గుసగుసలాడితే అలమరలో గ్లాసులు పక్కకి జరుగుతాయనీ, పక్క వీధిలో కుక్క లేచి కూర్చుంటుందనీ చెప్పుకుంటారు. గ్లాసుల మాట అబద్ధమే కావచ్చు. కుక్క సంగతి మాత్రం నిజం.

ఉరుము పనిబల్ల అత్తగారి గదిలో ఓ మూలన ఉంది. ఎంత మోత చేసినా తిట్టే దిక్కులేని చోటు ఇంట్లో అదొక్కటే. ఆవిడకి చెవుడు. కన్నకూతురు చెవిలో నోరు పెట్టి అరిచినా చిరునవ్వు నవ్వి ఊరుకుంటుంది. ఇప్పుడూ మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. పెడల్ కీచుకి గిటారిస్టు పళ్లు జివ్వుమన్నాయి కానీ, ఆవిడ వేళ్లు తడబడలేదు.

ఈ పిల్లి కూతతో వేదికెక్కితే జనం చెప్పులు వదిలి పారిపోతారని గిటారిస్టు గోల పెట్టాడు. ఉరుము తాపీగా పెడల్ పెట్టె మూత విప్పాడు.

"టోన్ అంటే బ్రహ్మవిద్య కాదురా, జల్లెడ. ఈ కెపాసిటర్ ఉంది చూశావూ, సన్న శబ్దాలు ఇందులోంచి కిందికి జారిపోతాయి. లావువి పట్టవు, పైనే నిలుస్తాయి. జల్లెడని ఎంత తెరవాలో నాబ్ చెబుతుంది. నేను మరీ చిన్న కెపాసిటర్ వేసి చచ్చాను. కన్నాలు చాలక సన్నవన్నీ పైనే కూర్చుని కీచుమంటున్నాయి."

పెద్దదాని కోసం వెతకడం మొదలుపెట్టాడు. సామానంతా అత్తగారి మంచం కింద పాత చెప్పుల పెట్టెల్లో కలగాపులగంగా ఉంది. మోకాళ్ల మీద దేకుతూ, ఈ ఇరుకులో తప్పులు జరగక ఏం జరుగుతాయని విసుక్కున్నాడు. మంచానికి నాలుగు కోళ్లుంటే చాలదూ, ఈ ఐదో కోడు దేనికన్నాడు. ఐదో కోడంటే అత్తగారే. పేరు అతను పెట్టిందే.

ఈ ఇరుకు ఇక ఎంతోకాలం కాదట. పెద్దకూతురు ఎన్నిసార్లు రమ్మని పిలిచినా ఈవిడ అడ్డంగా తలూపి ఇక్కడే పాతుకుపోయింది. అందుకని ఉరుమే తోడల్లుడితో ఫోన్లో మాట్లాడేశాడు. ఎత్తింది ఆయనో వదినగారో తెలుసుకోవడానికే కాసేపు పట్టిందట, అంత సన్న గొంతు ఆ మనిషిది. రేపు పొద్దున కారు వస్తుంది. అమ్మే అక్క దగ్గరికి పోతానని సైగ చేసిందని భార్యతో చెబుతాడు. అమ్మ కోరిందంటే ఆమె కాదనదు. ఇక గదంతా తనదే.

గిటారిస్టు ఇబ్బందిగా మంచం వైపు చూసి, ఆవిడ ఉందని కళ్లతో సైగ చేశాడు.

"చెవిటివాడి ముందు శంఖమేరా. పిడుగు పడితే దీపం వెలిగించారా అంటుంది," అన్నాడు ఉరుము.

కెపాసిటర్ దొరికింది. పాతది ఊడదీసి, కొత్తదాని కాళ్లు టంకం కడ్డీతో అతికించి, నాబ్ పూర్తిగా తగ్గించి మీటమన్నాడు. ఈసారి కీచు లేదు. దున్నపోతు నిద్రలో గురకపెట్టినట్టు లావుగా, వెచ్చగా మోగింది.

మంచం మీద వేళ్లు ఆగాయి. అత్తగారు తలెత్తి పెడల్ వైపు చూసింది.

ఉరుము నాబ్ పెంచాడు. కీచుమంది. ఆవిడ మళ్లీ బఠాణీల మీద పడింది. తగ్గించాడు. ఆవిడ తలెత్తింది.

అతనికి అనుమానం పుట్టింది. భార్యని కేకేసి, ఒకసారి మీ అమ్మని పిలవమన్నాడు. ఆమె వచ్చి, ఇప్పుడు మనుషులు వినేలా ఉందని పెడల్‌ని మెచ్చుకుని, తల్లి చెవి దగ్గర వంగి, "అమ్మా, వినపడుతోందా?" అని కణతలు పొంగేలా అరిచింది. తల్లి చిరునవ్వు నవ్వింది, అంతే. కూతురు నిట్టూర్చి వంటింట్లోకి పోయింది.

ఉరుముకి ప్రాణం లేచొచ్చింది. నేల అదిరి ఉంటుందిలే అన్నాడు.

"అమ్మాయిది సన్న గొంతు నాయనా," అంది అత్తగారు చూపు ఎత్తకుండా. "జారిపోతుంది. లావువే నిలుస్తాయి."

టంకం కడ్డీ ఉరుము చేతిలోంచి జారి బల్లని చురుక్కున కాల్చింది. ఐదో కోడు, పిడుగు, దీపం, రేపటి కారు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"అత్తయ్యా," అన్నాడు. ఆ గదిలో ఆ పిలుపు అదే మొదలు. "అన్నీ వినపడుతుంటే ఒక్కనాడూ పలకలేదేం?"

"నాతో అన్న మాట ఒక్కటుంటే పలికేదాన్ని. అన్నీ నా గురించి అన్నవేగా."

గిటారిస్టు మెల్లగా గిటార్ కింద పెట్టాడు. ఉరుము గొంతు మొదటిసారిగా గ్లాసుల్ని కాదు కదా, ఈగని కూడా కదల్చలేనంత చిన్నదైపోయింది.

"ఇన్ని పడి కూడా... వదినగారు పిలిస్తే వెళ్లకుండా ఎందుకుండిపోయారు?"

పెదాల వైపు చూస్తూ, లావుగా చెప్పమని ఆవిడ చేత్తో సైగ చేసింది. అతను మళ్లీ అడిగాడు. ఆవిడ ఒక బఠాణీ కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసింది.

"అక్కడ అందరివీ సన్న గొంతులే, నాయనా. నువ్వు తిడుతుంటేనే నాకు మనిషి మాట వినపడేది."