పరగడుపున నల్ల చాయ్

"ఆ పక్క చెల్క వెంకటనారాయణ బాగుపడడు, రాసిపెట్టుకో! గట్టు మళ్ల జరిపిండు" అంటూ బాలనర్సయ్య గుమ్మంలోనే తలగుడ్డ విప్పి విసురుగా దులిపాడు.

మంచంలోంచి సత్తెమ్మ తల ఎత్తింది. "ఎంత జరిపిండు?"

"మొన్న జానెడు, ఇప్పుడు మూరెడు. పంచాయితీ తెగేదాక ఆ చెల్కల నాగలి పెట్టేది లేదు. అందుకే గద, స్టేషన్ల మూటలు మోస్తున్న."

హఫీజ్‌పేటలో ఆ మూడెకరాల పన్నెండు గుంటల చెలక అంటే సత్తెమ్మకు ప్రాణం. పెళ్లయిన కొత్తలో అది చెలక కాదు, వట్టి గుండ్ల దిబ్బ. మొగుడూ పెళ్లాలిద్దరూ తొమ్మిదేళ్లు రాళ్లు పగలగొట్టి, తట్టలతో ఎత్తిపోసి, అక్కడ జొన్న మొలిపించారు. పోయినేడు ఆమెకు దగ్గులో నెత్తురు పడింది. మామూలు గోలీలు పనిచేయలేదన్నాడు పట్నం డాక్టరు. కొత్తవి వచ్చాయి, బొంబాయి నుంచి తెప్పించాలి, రోజూ వేసుకుంటూ ఏడాది గడపాలి అన్నాడు. ధర వినగానే సత్తెమ్మ లేచి నిలబడింది.

"చెల్క అమ్మి తెచ్చినవంటే ఆ గోలి నీ ముందలనే ఉమ్మేస్త. నేను పోయినా అది ఉండాలె" అని మొగుడి చేత ఒట్టు పెట్టించుకుంది.

గోలీలు రాలేదు. చాయ్ వచ్చింది.

స్టేషన్ మాస్టరు నరసింహమూర్తిది కాకినాడ వైపు. ఖరగ్‌పూర్‌లో పనిచేసేటప్పుడు చైనావాళ్లతో స్నేహం కలిసి, వాళ్ల చాయ్ అలవాటు చేసుకున్నాడు. రోగమున్న ఇంటి వాకిలి ఊళ్లో ఎవరూ తొక్కని ఆ రోజుల్లో, ఆయన నాలుగు పొట్లాలు పట్టుకుని నేరుగా వచ్చేశాడు.

"ఇది పచ్చాకు అమ్మా. కోయగానే వేడిచేసి ఆరబెడతారు, అరుగుదలకి మంచిదంటారు. ఇది మల్లెపూలతో కలిపి ఉంచింది. ఇది సగం పులిసింది, ఊలాంగ్ అంటారండి."

"ఈ నల్లదేంది సారూ, పిడకలెక్క?"

"అదీ చాయేనండి! పూఎర్. ఏళ్ల తరబడి మాగబెట్టి ఇటుకల్లా అచ్చు పోస్తారు. పూర్వం దీన్ని కొండలు దాటించి టిబెట్‌కి మోసుకెళ్లి, మారుగా గుర్రాలు తెచ్చుకునేవారట. అసలు చాయ్‌ని మొదట్లో మందుగానే తాగారమ్మా. ఒక రాజుగారు చెట్టు కింద నీళ్లు కాచుకుంటుంటే నాలుగాకులు ఎగిరొచ్చి పడ్డాయట."

"ఎవడు చూసిండు సారూ?"

నరసింహమూర్తి పకపకా నవ్వాడు. బాలనర్సయ్య నవ్వలేదు. నాలుగూ కాచి, నాలుగు గిన్నెల్లో పోసి, వంగి వంగి చూశాడు.

"పచ్చదాంట్ల అడుగు కనపడ్తది" అని గొణిగి, ఇటుకను తీసి పక్కన పెట్టాడు. "రొమ్ముకు నల్లదే మంచిది."

మరునాటి నుంచి అదొక నోములా సాగింది. కోడి కూయగానే పొయ్యి రాజేసేవాడు. మొదటి నీళ్లు పారబోయడం చైనావాళ్ల పద్ధతట, పారబోసేవాడు. రెండో నీళ్లు తారులా దిగేవి. ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వకుండా వీపు తిప్పి కూర్చుని కలిపి, గిన్నె ఆమె చేతికే ఇచ్చేవాడు.

"పరగడుపుననే తాగాలె. మడ్డి గూడ."

"చేదయ్యా!"

"గుణమంత మడ్డిలనే ఉంటదట."

"మల్లెది ఇయ్యరాదు? జర వాసనన్న మంచిగుంటది."

"పొద్దుమీకి ఇస్త. పొద్దున నల్లదే."

వారం తిరక్కముందే సత్తెమ్మ హడలిపోయింది. మూత్రం ఎర్రగా పోతోంది. భయం భయంగా మొగుడికి చెప్పింది.

"చాయ్ రంగే అది. రోగం కడుక్కపోతున్నట్టు. ఫికర్ చెయ్యకు" అన్నాడు బాలనర్సయ్య. ఆ మీదట గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. పొగ పడిందేమో అనుకుంది ఆమె.

నిజాంపేట నుంచి చూడవచ్చిన అక్క రుక్కమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఓ మరిదీ, ఆకుల నీళ్లకు క్షయ పోతదా? భూమిని ఎదకు కట్టుకొని నా చెల్లెను సంపుతున్నవ్. పిసినిగొట్టు మొకమా!"

"నాలుగో తరగతి దాటనోన్ని, నాకేం తెలుస్తది వదినె" అన్నాడతను. "తిట్టుడైతే జర చాయ్ తాగిపో."

"థూ, నాకొద్దు నీ చీనా చాయ్!"

"ఆయిన్ని అనకక్కా. అమ్మొద్దని ఒట్టు పెట్టిచ్చింది నేనే" అంది సత్తెమ్మ. బాలనర్సయ్య గిన్నె కడుగుతూ తల ఎత్తలేదు.

నెలకోసారి బొంబాయి బండి వచ్చిన మర్నాడు కొత్త పొట్లం వచ్చేది. ముందు నెత్తురు ఆగింది. తర్వాత దగ్గు. ఏడాది తిరిగేసరికి రవికలు బిగుతయ్యాయి. "చీనోళ్లు సల్లగుండాలె" అని సత్తెమ్మ పొయ్యికి దండం పెట్టింది.

కాళ్లలో సత్తువ రాగానే ఆమెకు చెలక మీదికి మనసు పోయింది. మొగుడు మెత్తనివాడు, గట్టు తగాదా తనే తేల్చుకురావాలి. అతను స్టేషన్‌కు వెళ్లగానే చెంగు బిగించి బయల్దేరింది.

చెలకలో జొన్న మోకాలెత్తు నిలిచి ఉంది. గట్టు జరగడం కాదు, అసలు గట్టే లేదు. వెంకటనారాయణ కలుపు తీస్తున్నాడు.

"ఏం రా! రోగమొచ్చి పండుకుంటే నా చెల్క మింగుతవా? చెప్పు, ఎంత కలుపుకున్నవ్?"

అతను లేచి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. "చెప్పొద్దని అన్న ఒట్టేయించుకున్నడు వదినె."

"ఎంతరా?"

"నీ బొంబాయి గోలీలకని అన్న నాకమ్మిన మూడెకరాల పన్నెండు గుంటలు."