రెండు గంటల నాలుగు నిమిషాలు

“కారు నాదే. కానీ నేనొచ్చింది ఐదున్నరకప్పా,” అన్నాడు ఓబుళేశు.

శివశంకర్ కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. ఈ మాట వినడం అతనికి మొదటిసారి కాదు. ఓబుళేశు పత్తికొండ నుంచి బస్సెక్కి కర్నూలుకు రావడం ఇది మూడోసారి. మూడుసార్లూ ఇదే రేకుల గది, ఇదే మాట.

ఆ పెద్ద ఆసుపత్రి తన పార్కింగ్ స్థలాన్ని వేరే కంపెనీకి ఇచ్చేసింది. కర్నూలులో ఆ కంపెనీ వ్యవహారాలన్నీ శివశంకర్ చూస్తాడు. గేటు దగ్గర చీటీ చింపే మనిషి ఉండడు. కెమెరా నంబరు ప్లేటు చదువుకుంటుంది. బండి ఎప్పుడు లోపలికి వచ్చిందో, ఎప్పుడు బయటికి పోయిందో లెక్క చూసి ఫోనుకు బిల్లు పంపుతుంది. నెల కిందట ఒక గురువారం ఓబుళేశు పాత కారుకు అట్లాగే బిల్లు వచ్చింది. కట్టలేదు. దాని మీద జరిమానా వచ్చింది. అదీ కట్టలేదు. నేను అన్ని గంటలు లేను, గంటన్నరకు మాత్రమే కడతాను అని తగువుకొచ్చాడు.

మొదటిసారి వచ్చినప్పుడు కౌంటర్లో ఉన్న అమ్మాయి, సార్ లేరని పంపేసింది. రెండోసారి శివశంకర్ స్క్రీన్ మీద అంకెలు చూపించాడు. అంకెలు ఎవరైనా కొట్టుకోవచ్చు, ఫోటో చూపించమన్నాడు ఓబుళేశు. ఫోటోలు హైదరాబాదు ఆఫీసులో ఉంటాయి, తెప్పించడానికి వారం పడుతుందంటే, పడనీలే అని వెళ్ళిపోయాడు.

పత్తికొండలో అక్క గంగక్క పోరు పెడుతూనే ఉంది. టమోటా కోతకొచ్చింది, కూలోళ్ళు దొరకడం లేదు, నువ్వేమో బస్సుల్లో తిరుగుతాండావు అని. ఆ దుడ్లేవో వాళ్ళ మొగాన కొట్టి, ఇంక ఆ జాగా వైపే చూడొద్దని చెప్పింది. ఓబుళేశు తలూపాడు. తెల్లారి మళ్ళీ బస్సెక్కాడు.

“ఇట్లా రాప్పా,” అన్నాడు శివశంకర్, కుర్చీ కొంచెం జరిపి. “నీ ఫోటో వచ్చింది. చూసుకో.”

స్క్రీన్ మీద కారు ముందు భాగం కనిపించింది. నంబరు ప్లేటు స్పష్టంగా ఉంది. కింద మూలన తేదీ, టైము. మధ్యాహ్నం రెండు గంటల నాలుగు నిమిషాలు.

“బండి నీదేనా?”

“నాదే.”

“తోలుతాండేది నువ్వేనా?” శివశంకర్ ఫోటోను పెద్దది చేశాడు. అద్దం వెనక స్టీరింగ్ మీదికి వంగిన ఓబుళేశు కనిపించాడు. పక్క సీట్లో ఒకామె. తల వెనక్కి వాల్చి నీళ్ళ సీసా ఎత్తి తాగుతోంది. కళ్ళు కెమెరా వైపే ఉన్నాయి.

ఓబుళేశు ముందుకు వంగి, స్క్రీన్‌కు జానెడు దూరంలో మొహం పెట్టి చూస్తూ ఉండిపోయాడు. వెనక వరుసలో నిలబడినవాళ్ళు విసుక్కున్నారు.

“ఎవరామె?”

“మా ఇంటామె.”

దొరికిపోయిన మనిషిని చూస్తే శివశంకర్‌కు కొంచెం జాలేసింది. గొంతు తగ్గించాడు.

“ఇప్పుడెట్లుండాది?”

“ఇప్పుడేం నొప్పి లేదు.”

“మంచిది. మరి ఒప్పుకుంటావా?”

ఓబుళేశు నిలబడ్డాడు. కెమెరాలో గడియారం తప్పు తిరుగుతుండొచ్చు కదా అన్నాడు. శివశంకర్‌కు జాలి పోయింది. ఆ గడియారం మనుషులు తిప్పేది కాదని, ఇంటర్నెట్ నుంచి తనంతట తానే సరిచూసుకుంటుందని, ఒక్క నిమిషం కూడా తేడా రాదని గట్టిగా చెప్పాడు.

“ఇంతమంది ముందర నోటిమాటగా చెప్తే నేను ఒప్పుకోనప్పా. ఇదంతా కాయితం మీద రాసియ్యి. ఫోటో కూడా అచ్చు తీసియ్యి. జరిమానాతో సహా ఈడనే కట్టేసి పోతా.”

పరిష్కారం కాని ఫిర్యాదులు ఎన్నున్నాయని పై ఆఫీసు వారం వారం అడుగుతోంది. ఇది ఈరోజుతో వదిలితే చాలనుకున్నాడు శివశంకర్. కంపెనీ పేరున్న కాగితం తీసి టైపు చేశాడు. ఫలానా నంబరు కారు ఫలానా తేదీన మధ్యాహ్నం రెండు గంటల నాలుగు నిమిషాలకు లోపలికి వచ్చింది, సాయంత్రం ఆరు యాభైకి బయటికి పోయింది. గడియారంలో తప్పు లేదు.

“ముందు సీట్లో కూచోని నీళ్ళు తాగుతాండే ఆడమనిషి సంగతి కూడా రాయప్పా,” అన్నాడు ఓబుళేశు. “రేపు నేనే ఆ ఫోటో మాది కాదంటే?”

శివశంకర్ నవ్వి అదీ రాశాడు. సంతకం చేసి, సీలు వేసి, ఫోటో జతచేసి ఇచ్చాడు. ఓబుళేశు డబ్బు కట్టి రసీదు తీసుకున్నాడు. కాగితాన్ని మడతపెట్టకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.

“ఇంతదానికి మూడుసార్లు తిరిగినావు. ఏం సాధించినావప్పా?” అన్నాడు శివశంకర్. వరుసలో ఎవరో నవ్వారు. ఓబుళేశు నమస్కారం పెట్టి బయటికొచ్చాడు.

అక్కణ్ణుంచి నేరుగా కోర్టు ఎదురు సందులో ఉన్న లాయరు జీవిత ఆఫీసుకు పోయాడు. ఆమె నిలబడే కాగితం చదివింది. ఫోటో చూసింది. మళ్ళీ కాగితం చదివింది.

“నేను ఆసుపత్రికి నోటీసు పంపితే కెమెరాలు పనిచేయలేదన్నారు. నీకెట్లా ఇచ్చారన్నా?”

“అడిగుంటే ఇచ్చేవాళ్ళు కాదమ్మా. గడియారం తప్పంటే, కాదని రాసిచ్చినారు.”

అప్పుడు కూర్చున్నాడతను.  జీవిత బీరువాలోంచి ఫైలు తీసి, ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితాన్ని ఆ ఫోటో పక్కన పెట్టింది.

ఓబుళేశు భార్యను ఐదున్నరకు, ప్రాణం పోయాకే తెచ్చారని అందులో రాసి ఉంది.