లారీ లీజుకు అవ్వ జవాబు

వెంకటనర్సు సేటూ, నీ లారీ లీజుకు తీసుకుంటారా లేదా అని కబురు పెట్టావు. నా మనవరాలు స్వరూప తీసుకుంటుంది, రాసుకో.

పదేళ్లుగా పరాయి బండ్ల మీద పత్తి లోడు తోలిన పిల్ల, సొంతంగా అనేసరికి, "లోడు దొరకకుంటే ఎట్లనే అవ్వా?" అంటుంది.

"మన్ననూరు ఘాటుల బ్రేకు పోయినా వణకనిదానివి, గీ సంతకానికి వణుకుతవా?" అన్నాను.

"ఆడపిల్లకు లారీ ఎందుకు?" అన్నావట. మళ్లీ అన్నావంటే, జడ్చర్ల వచ్చి నేనే క్లీనరుగా ఎక్కి కూర్చుంటా!

ఇట్లు, అవ్వ వేలిముద్ర.

సేటూ, చెప్పింది అవ్వ, రాసింది నేను. ఇది రాయనని రెండుసార్లు కలం పడేశాను. రెండుసార్లూ అవ్వే ఏరి చేతికిచ్చింది. ఇప్పుడు నవ్వాగడం లేదు. సోమవారం పొద్దున వస్తున్నా, తాళంచెవి ఎవరికీ ఇవ్వకండి.

స్వరూప